సప్పుడు రాని తుపాకులు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నడిచే కుర్రాడి చేతిలో ఎవరో ఒకరు కోర్సు కాగితం పెట్టకుండా వదిలేవారు కాదు. బస్టాపు నుంచి టీ కొట్టు దాకా వెళ్లేలోపు నాలుగు ఉద్యోగాలు, రెండు విదేశాలు ఖాయమైపోయేవి. డిగ్రీలో మూడు సబ్జెక్టులు మిగుల్చుకుని ఊరి నుంచి వచ్చిన నేను అలాంటి ఒక కాగితం పట్టుకునే హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. ఇబ్రహీంపట్నం అవతల మా ఊళ్లో మా నాన్న "మావోడు ఏదో కంప్యూటర్ల పని నేర్సుకుంటుండు" అని చెప్పుకునేవాడట, ఆ "ఏదో" దగ్గర మాత్రం గొంతు కాస్త తగ్గించి. కోర్సు ఆరు నెలలన్నారు, రెండు నెలలకే నాకు అంతా వచ్చేసిందనిపించింది. (మిగిలిన నాలుగు నెలల్లో చెప్పేది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే నేను వెళ్లలేదు.) అప్పట్లో నాకున్న ధైర్యం తర్వాత ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క రోజు కూడా లేదు.

నా మకాం కర్మన్‌ఘాట్‌లో, హనుమంతుడి గుడి వెనక సందులో ఉన్న మా అక్క ఇంట్లో. మా బావకు మన్సూరాబాద్‌లో నెట్ సెంటర్ ఉండేది. ఒక షట్టరు, ఆరు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, గోడకు తిరిగీ తిరగనట్టు తిరిగే ఒక ఫ్యాను. పేరుకు నెట్ సెంటరే గానీ దాని ఆదాయమంతా ఒక తుపాకుల ఆట మీదే నడిచేది. చుట్టుపక్కల కాలనీల పిల్లలు వచ్చి, రెండు జట్లుగా విడిపోయి, ఒకరినొకరు తెరల మీద కాల్చుకుని, సంతోషంగా ఇళ్లకు వెళ్లేవారు. పైగా అది తెలంగాణ కోసం పెద్ద సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు లేవు, బళ్లు మూతపడ్డాయి. బళ్లు లేని పిల్లలకు పొద్దున తొమ్మిదింటికల్లా ఏం చేయాలో తోచక బావ షట్టరు ముందు చేరేవారు. బావ పొద్దున రోడ్డు మీద ఉద్యమం పాటల ధూంధాంకు వెళ్లి, జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచి, పదకొండింటికి వచ్చి షట్టరు సగం దించి లోపల పిల్లలకు ఆటలు పెట్టేవాడు. సగం దించిన షట్టరు అంటే బంద్‌కు బంద్, దుకాణానికి దుకాణం. అది తెలియనివాళ్లు ఆ కాలంలో మా వైపు ఎవరూ లేరు.

ఆ షట్టరున్న ఇంటి ఓనరు పైఅంతస్తులో ఉండే మాస్టారు. తెనాలి దగ్గరి మనిషి, ముప్ఫై ఏళ్ల కింద వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కామర్స్ పాఠాలు చెప్పి, ఆ డబ్బుతోనే ఇల్లు కట్టుకుని రిటైరైనవాడు. ఒకరోజు పేపరు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"ఏమయ్యా, చూశావా ఇది? దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న నెట్ సెంటర్ల మీద కేసులు పెడుతున్నారట. ఇంటి ఓనర్లను కూడా పిలిచి కూర్చోబెడుతున్నారట. ఈ వయసులో నేను స్టేషన్ మెట్లు ఎక్కలేనయ్యా. దసరా వెళ్లేలోగా అంతా సక్రమంగా చేసుకో. కుదరకపోతే మొహమాటం లేకుండా షట్టరు ఖాళీ చేసి పెట్టు" అన్నాడు. చెప్పడం నెమ్మదిగానే చెప్పి, పేపరు మాత్రం బావ బల్ల మీదే పెట్టి వెళ్లాడు.

బావ ఆరు కంప్యూటర్లలో ఉన్న విండోస్ ఎక్కణ్నుంచి వచ్చిందో దాన్ని ఎక్కించినవాడికి కూడా తెలియదు. ఆరింటికీ అసలుది కొనాలంటే దుకాణం అమ్మి కొనాలి. సాయంత్రం టీ కొట్టు దగ్గర బావ దోస్తులు ఒక నిర్ణయానికి వచ్చేశారు. "ఆంధ్రాయన గదా అన్నా. గీ టైంల సాకు దొర్కింది, ఎళ్లగొడ్తుండు."

"గట్లనకుర్రి," అన్నాడు బావ. "నా బిడ్డ పుట్టేటప్పుడు మా ఆమెను దవాఖానకు తన కార్ల తీస్కపోయింది గాయనే." తర్వాత ఇంటికి నడుస్తూ నాతో అన్నాడు, "ఇప్పుడు నేను ఖాళీ చేసిననుకో, అది కిరాయి ముచ్చట లెక్కుండదురా. కాలనీ అంత ఇంకో తీరుగ చెప్పుకుంటది. నాకు దుకాణం పోతది, ఆయనకు ఇజ్జత్ పోతది."

అదిగో, సరిగ్గా అక్కడ నేను నోరు తెరిచాను. దిల్‌సుఖ్‌నగర్ కోర్సులో నాకొక దోస్తు ఉండేవాడు. వాడికి విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ అంటే పిచ్చి. చొక్కా జేబు మీద, సైకిలు మీద, టిఫిన్ డబ్బా మీద దాని గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అంటించుకునేవాడు, అందుకని వాణ్ణి అందరం పెంగ్విన్ అనేవాళ్లం. లినక్స్ ఎవరి సొత్తూ కాదు, ఊరికే ఇస్తారు, నువ్వు పదిమందికి పంచినా దొంగతనం కాదు, ఇంకా పుణ్యం అని వాడు చెప్పేవాడు. విండోస్ కోసం చేసిన ఆటలను లినక్స్‌లో నడిపించే ఒక ప్రోగ్రాం ఉందని ఒకసారి తన కంప్యూటర్లో చూపించాడు కూడా. ఆట మొదలైంది, ఒక సిపాయి గోడ పక్కన నిలబడి కనిపించాడు. ఐదు నిమిషాలు. అంతలో కరెంటు పోయింది. ఆ ఐదు నిమిషాల బలంతో నేను బావకు మాటిచ్చాను.

"లినక్స్ పెడదాం బావా. పైస ఖర్చు లేదు. ఆటలన్నీ నడుస్తయి."

"తుపాకులది?"

"అన్నీ బావా. ఇంకా మంచిగ నడుస్తయి."

బావకు ఉద్యమం భాషలో చెప్పాను: ఇన్నాళ్లూ పరాయి సిస్టం కింద ఉన్నాం, ఇది మన సొంత సిస్టం, మన సిస్టం మీద మన పెత్తనం అని. పైకి వెళ్లి మాస్టారికి చట్టం భాషలో చెప్పాను: లైసెన్సు స్వేచ్ఛగా ఇస్తారండీ, ఏ పోలీసు వచ్చినా పేజీ తెరిచి చూపించవచ్చండీ అని. ఇద్దరూ సంతోషించారు. (తుపాకుల ఆట సంగతి మాస్టారు అడిగితే, అది బావ డబ్బాతో సహా కొన్నదేనని నిజమే చెప్పాను. ఒక్క డబ్బాలోని ఆట ఆరు మిషన్లలోకి ఎలా వెళ్లిందని ఆయన అడగలేదు.) ఒక మాట రెండు చోట్ల రెండు రకాలుగా చెప్పి ఇద్దరితోనూ ఔననిపించుకున్న ఆ రోజు నేను రాజకీయాల్లోకి వెళ్లి ఉంటే బాగుండేది.

పెంగ్విన్ నాకు రెండు సీడీలు రాసిచ్చాడు. ఒకటి లినక్స్. రెండోది ఆటలు నడిపించే ప్రోగ్రాం, బొమ్మ సరిగా రావడానికి కావలసిన డ్రైవర్లు. "ఫస్టు ఒక్క మిషన్ల ఏసి చూడురా, నడిస్తే మిగతవాటికి ఎక్కిద్దువు" అని మరీ మరీ చెప్పాడు. నేను తలాడించాను. దసరా రోజు ఆయుధ పూజకు కొత్త సిస్టం మొదలుపెట్టాలని అక్క ముహూర్తం పెట్టింది. ముహూర్తం అంటే ఒక్క కంప్యూటరుకే ఉంటుందా. పొద్దున్నే వెళ్లి ఆరింటికీ వరసగా ఫార్మాట్ కొట్టి, మొదటి సీడీతో ఆరింట్లోనూ లినక్స్ ఎక్కించేశాను. ఆరు తెరల మీద కొత్త రంగులు చూసి బావ మీసం తడుముకున్నాడు. ఆ క్షణంలో నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను.

అక్క పళ్లెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, బంతిపూలు తెచ్చింది. ఆరు మానిటర్లకూ బొట్లు పెట్టింది, జిరాక్స్ మిషనుకు దండేసింది, నా స్క్రూడ్రైవర్లకు కూడా దండం పెట్టింది. "ఇంకేమన్న ఉన్నయారా పూజల పెట్టేటివి?" అని అడిగింది. నేను గొప్పగా రెండో సీడీ తీసి రెండు చేతులతో ఇచ్చాను. "గిదే అక్కా అసలుది. ఆటలన్ని దీని మీదనే ఉన్నయి" అన్నాను. ఇచ్చి, కొబ్బరికాయ కొట్టడానికి బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి సీడీ మెరిసే వైపు పైకి పెట్టి ఉంది. మధ్య చిల్లు చుట్టూ పసుపు, ఆ పసుపు మీద ఐదు కుంకుమ బొట్లు, నీళ్లతో తడిపి నిండుగా అద్దినవి.

"అక్కా, గా దిక్కు ఎందుకు పెట్టినవ్?"

"మరి మెరిసేదే గదా మొఖం. ఎనకదిక్కు బొట్టు ఎవలన్న పెడ్తరా?"

నేను సీడీ అందుకుని తడి గుడ్డ పెట్టి తుడిచాను. తుడిచిన కొద్దీ పసుపు సన్నటి గీతలుగా సీడీ అంతా పాకింది. ఇంకా గట్టిగా తుడిచాను, గీతలు నిజమైన గీతలే అయ్యాయి. డ్రైవులో పెడితే అది లోపల గిర్రున తిరిగి, మూలిగి, బయటికి వచ్చేసింది. ఆరు డ్రైవుల్లో పెట్టాను. ఆరూ అదే మాట చెప్పాయి. నెట్‌లోంచి దించుకుందామా అంటే, బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు గంటకోసారి పోయేది, దించినదంతా మళ్లీ మొదటికొచ్చేది. పాత విండోస్ పోయింది. కొత్తదాంట్లో ఆటలు లేవు. ఇవేవీ బావకు చెప్పకుండా, "రేపటికల్లా సెట్ అయితది బావా" అన్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పిల్లలు రానే వచ్చారు. వాళ్లకొక నాయకుడు ఉండేవాడు, ఎనిమిదో తరగతి, ఆటలో ఎప్పుడూ చావడు గనుక అందరూ కమాండర్ అనేవారు. నేను ఆరు తెరల మీద లినక్స్‌తో పాటు వచ్చిన పేకాట తెరిచి పెట్టాను.

"గిదేంది అన్నా?"

"కొత్త ఆట. చానా బుర్ర పెట్టాలె."

"మా తాత ఆడ్తడు గిది," అని కమాండర్ లేచాడు. వాడి వెనక అందరూ లేచి, వంగి, షట్టరు కిందినుంచి ఒక్కొక్కరే రోడ్డు దాటి అవతలి నెట్ సెంటర్లోకి వెళ్లిపోయారు. బావ ఖాళీ కుర్చీలను బల్లల కిందికి ఒక్కొక్కటిగా తోశాడు. నన్ను తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

బస్సులు లేవు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచాను. ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు వేసి పాటలు పాడుతున్నారు, గడ్డిఅన్నారం దగ్గర బత్తాయి లారీలు కదలకుండా నిలబడి ఉన్నాయి. దారంతా ఒకటే ఆలోచన, బావ షట్టరు పోతే అది నా వల్లే అని. పెంగ్విన్ గది చేరేసరికి కరెంటు లేదు. వాడు జరిగింది విని నవ్వడానికి నోరు తెరిచి, నా మొహం చూసి మూసేసుకున్నాడు. ఇద్దరం చాప మీద కూర్చుని మరమరాలు తింటూ కరెంటు కోసం మూడు గంటలు ఎదురుచూశాం. అది వచ్చాక మళ్లీ సీడీ రాసిచ్చి, "ఈసారి గుళ్లెకు తీస్కపోకు" అన్నాడు.

సాయంత్రానికల్లా ఆట మొదలైంది. సిపాయి గోడ పక్కన నిలబడ్డాడు, నడిచాడు, తుపాకి ఎత్తి కాల్చాడు. కాల్చాడు గానీ చప్పుడు రాలేదు. బొమ్మ వస్తే చప్పుడు రాదు, చప్పుడు కోసం ఏదైనా మారిస్తే బొమ్మ పోయి తెర నల్లబడుతుంది. నేను రెండు రోజులు కూర్చుని, తెర మీద కమాండ్ల తెల్లటి అక్షరాలు కొట్టి కొట్టి, చివరికి ఆరింటిలో ఒక్క మిషనుకు చప్పుడు తెప్పించాను. దానికి ఆటలో బొమ్మ పోయింది. ఒకప్పటి లినక్స్‌లో ఆట ఆడటమంటే ఇలాగే ఉండేది. ఆట ఆడేది తక్కువ, ఆటను ఒప్పించేది ఎక్కువ.

మూడో రోజు కమాండర్ సైన్యంతో తిరిగొచ్చాడు. (అవతలి సెంటర్లో కుర్చీలు చాలలేదట.) చప్పుడు లేదని నేను ముందే భయపడుతూ చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "ఏం కాదు తియ్ అన్నా, సప్పుడు మేం చేస్తం" అన్నాడు. చేశారు కూడా. ఐదుగురు నోటితో తుపాకులు కాలుస్తుంటే, కుర్చీ దొరకనివాళ్లు వెనక నిలబడి బాంబులకు, అడుగుల చప్పుడుకు, పడిపోయినవాళ్ల మూలుగులకు ఒప్పుకున్నారు. అవతలి సెంటర్ వాళ్లు కూడా ఈ వింత చూడటానికి వచ్చారు. సగం దించిన షట్టరు లోపల అంత గోల నేను ఎన్నడూ వినలేదు. బావ మొహంలో నాలుగు రోజుల తర్వాత నవ్వు కనిపించింది.

సందు మలుపులో బందోబస్తుకు వేసిన కానిస్టేబుల్ ఒకాయన కుర్చీ వేసుకుని ఉండేవాడు. రోడ్డు మీద మనిషి లేడు, మూసినట్టున్న షట్టరు వెనక నుంచి ఆయనకు వినిపించిన మాటలు ఇవి: "గోడెనక దాక్కుండ్రు, బాంబెయ్యి", "ఇద్దరు పడ్డరు, ఇంకొకడు ఉన్నడు, పోనియ్యకు." ఆయన లాఠీతో షట్టరు కొట్టాడు. లోపల ఒక్కసారిగా అన్ని తుపాకులూ మూగబోయాయి.

"ఎవల్రా లోపల? ఏం నడుస్తుంది?"

బావ రెండడుగులు వెనక్కి వేశాడు. అంతకు ముందు వారమే ధూంధాంలో పోలీసులు బావ పేరు రాసుకుని వెళ్లారు. నేను ముందుకొచ్చి లినక్స్ లైసెన్సు గురించి మొదలుపెట్టాను, ఆ సమయంలో ఆ లోకంలో ఎవరికీ అక్కర్లేని విషయం అది. అంతలో పైనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. మాస్టారు పంచె ఒక చేత్తో పట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చి షట్టరు ముందు నిలబడ్డాడు. షట్టరుకు చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకున్నాడు. తర్వాత అన్నాడు:

"పిల్లలండీ. బళ్లు లేవు కదా, ఆడుకుంటున్నారు. ఈ ఇల్లు నాది. వీళ్లంతా మా వాళ్లే."

"సార్, మీరు ఆంధ్రా సైడు గదా?" అన్నాడు కానిస్టేబుల్, ఊరికే తెలుసుకుందామన్నట్టు.

"అవునండీ. వీళ్లు మా వాళ్లే," అని మళ్లీ అన్నాడు మాస్టారు. స్టేషన్ మెట్లు ఎక్కలేనన్న మనిషి లాఠీకి ఎదురుగా నిలబడి ఆ మాట అంటుంటే బావ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కానిస్టేబుల్ వంగి లోపలికొచ్చి, నోళ్లు తెరుచుకుని కూర్చున్న పిల్లలను, చప్పుడు లేని తెరలను చూశాడు. సంగతి అర్థమై పొట్ట పట్టుకుని నవ్వాడు. చెమట తుడుచుకుంటూ ఫ్యాను ముందు కూర్చున్నాడు. తుపాకుల ఆటకు బొమ్మ రాక ఖాళీగా ఉన్న ఆరో మిషనులో నేను పేకాట తెరిచి పెట్టాను. ఆయన అరగంట లేవలేదు.

కానీ ఆ సంబరం బళ్లు తెరిచేదాకే. సమ్మె అయిపోయింది, పిల్లలకు సాయంత్రం గంటన్నరే దొరికేది. ఆ గంటన్నరను నోటితో తుపాకులు కాల్చడానికి వాళ్లు ఖర్చుపెట్టదలచుకోలేదు. ఒక్కొక్కరే చప్పుడు ఉన్న చోటికి వెళ్లిపోయారు. కమాండర్ మాత్రం వెళ్లేముందు వచ్చి, "సెట్ అయితే చెప్పు అన్నా" అన్నాడు, పెద్దమనిషిలాగ. ఆ మధ్యాహ్నం ఖాళీ దుకాణంలో బావ జిరాక్స్ కాగితాలు సర్దుతుంటే నేను ఉండబట్టలేక చెప్పేశాను.

"బావా, నేను నీకు అబద్ధం చెప్పిన. ఆ ఆట నేనెన్నడు నడిపి చూడలే. దోస్తు కాడ ఐదు నిమిషాలు చూసిన, అంతే. నాకసలు ఆ ఆట ఆడుడే రాదు."

"ఎరికే," అన్నాడు బావ కాగితాల మీదినుంచి తలెత్తకుండా.

"ఎరికైతే ఆరు మిషన్లు నా చేతుల ఎందుకు పెట్టినవ్?"

బావ కాగితాలు పక్కన పెట్టాడు. "మా ఇంటికొచ్చినకాడి నుంచి నువ్వు కంచంలకు చూసుకుంటనే బువ్వ తింటవురా. రెండోసారి అన్నం అడగవు. మీ అక్క వంటింట్ల కూసోని ఏడుస్తది. ఆనాడు లినక్స్ ముచ్చట చెప్పేటప్పుడు నా మొఖం చూసి మాట్లాడినవ్. వద్దు అంటే మల్ల తల దించుతవని భయమైంది."

నేను వెళ్లి బయట షట్టరు పక్కన నిలబడ్డాను, రోడ్డు మీద బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి.

తర్వాత బావ రెండు మిషన్లకు అసలు విండోస్ కొన్నాడు. మిగతా నాలుగూ లినక్స్‌తోనే దరఖాస్తులు నింపేవాళ్లకు, హాల్‌టికెట్లు తీసుకునేవాళ్లకు పనికొచ్చాయి. ఆ తెల్లటి అక్షరాలు కొట్టి కొట్టి అబ్బిన విద్యే నాకు తిండి పెట్టింది, ఇప్పుడు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక నెట్ సెంటర్ పోయింది. ఆ షట్టరులో ఇప్పుడు అక్కా బావల కర్రీ పాయింట్ నడుస్తోంది, పైఅంతస్తుకు రోజూ ఒక డబ్బా సాంబారు వెళుతుంది. రాష్ట్రం వచ్చింది, మాస్టారు ఎక్కడికీ వెళ్లలేదు.

మొన్న ఆదివారం ఆ పాత తుపాకుల ఆటనే ఇప్పటి లినక్స్‌లో పెట్టి చూశాను. ఇప్పుడు సీడీ లేదు, డ్రైవర్ల గొడవ లేదు, ఒక్కసారి నొక్కితే చాలు. బొమ్మ వచ్చింది. చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఏమైందని చూసి వెళ్లింది. సరే, ఇన్నేళ్లకు ఆడి చూద్దామని కూర్చున్నాను. గోడ పక్కనుంచి రెండడుగులు వేశానో లేదో ఎవడో నన్ను కాల్చేశాడు. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ కాల్చేశాడు. కుర్చీలో వెనక్కి వాలి, ఐదు నిమిషాలు చూసిన ఆటకు ఆరు కంప్యూటర్లను ఒడ్డిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని చాలాసేపు నవ్వుకున్నాను. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. బావకే రానిది నాకెందుకు వస్తుంది.